అందరికన్నా తక్కువ బిల్లు

మోటారు గది,
మార్చి 28

అక్కయ్యకి,

ఈరోజు ఎండ. గాలి లేదు. ఉదయం నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి అడుగు కడిగాను. నీ ఫ్లాటు తుడిచాను. కిటికీలు కాసేపు తెరిచి ఉంచి మళ్ళీ మూశాను.

రెండు విషయాలు రాయాలి.

మొదటిది, నువ్వు పంపిన బ్రోకరు వచ్చాడు. తాళం తీసి చూపించాను. పడకగదిలో నిలబడి తల పైకెత్తి, "నేరుగా స్లాబు కింద కదండీ! వేసవిలో ఇక్కడ స్టవ్వు అక్కర్లేదు" అని నవ్వాడు. ఆ నవ్వుకి తగ్గట్టు ధర కూడా తగ్గించి చెప్పాడు. ఆగస్టు నెలాఖరులోగా అమ్ముతావో లేదో తేల్చాలట. పోతూ పోతూ మెట్ల మీద లైటు వేసి వదిలేశాడు. ఆర్పాను.

రెండోది, ఇక్కడి పొదుపు సంఘం వాళ్ళు పాత బిల్డింగుల కోసం కొత్త రకం లోను పెట్టారు. స్లాబు మీద వేడి దిగకుండా పలకలు పరిచి తెల్లటి పూత వేయడం, కిటికీలకి బయటనుంచి నీడ కట్టడం, సందులు పూడ్చడం, పాత మోటారు మార్చడం, వీటన్నిటికీ డబ్బు వాళ్ళిస్తారు. పని అయ్యాక కరెంటు బిల్లు తగ్గుతుంది కదా, ఆ తగ్గినదాంట్లోంచే వాయిదా కట్టుకుంటాం. చేతి నుంచి అదనంగా పడేది లేదు. ఫ్లాటు అమ్మినా లోను ఫ్లాటుతోనే ఉంటుంది, మనిషి వెంట రాదు.

బిల్డింగు సెక్రటరీగా నేను దరఖాస్తు పెట్టాను. ఎనిమిది ఫ్లాట్ల మీటరు రీడింగులు నేను రోజూ రాసుకున్నవి ఉన్నాయి కదా, అవన్నీ కట్ట కట్టి జతచేశాను. ఇంత పొదుపుగా నడిచే బిల్డింగుని వాళ్ళు చూసి ఉండరు. మంజూరవుతుందనే అనుకుంటున్నాను.

స్లాబు చల్లబడితే నీ ఫ్లాటుకి ధర పెరుగుతుంది. అందుకే రాశాను.

తమ్ముడు


ఆడపడుచు గారిల్లు,
ఏప్రిల్ 4

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి విషయం కోసం, రెండోసారి నమ్మలేక. అప్పు అనే మాట వింటే వీధి మారే మనిషివి, నువ్వు లోనుకి దరఖాస్తు పెట్టావా? ఎవరూ నీ వేలిముద్ర దొంగిలించలేదు కదా?

ఇక్కడ నాకే లోటూ లేదు. మా ఆడపడుచు ఇంట్లో పగలూ రాత్రీ ఏసీ. ముక్కు చల్లబడి, మధ్యాహ్నం శాలువా కప్పుకుని కూర్చుంటున్నాను. మహారాణి వైభోగం అనుకో. ఆవిడ నన్ను కాలు కింద పెట్టనివ్వదు. టీ పెట్టుకుందామని లేచినా, "వదినా, మీరు కూర్చోండి, ఆ స్టవ్వు మీకు తెలియదు" అంటుంది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆపరేషను గదిలో యంత్రాలన్నీ నడిపినదాన్ని, స్టవ్వు తెలియదట.

ఒక్క మాట. పోయిన వేసవిలో నేను పడిపోయి ఇక్కడికి చేరింది ఒక పూట తిండి మానేయబట్టి అని నీకు అప్పుడే చెప్పాను. పాపం స్లాబు మీద నెపం పెట్టకు. పలకలూ పూతలూ నా కోసం అయితే మానెయ్. ధర కోసమైతే నీ ఇష్టం.

ఆ బ్రోకరు నా దగ్గరికీ రెండుసార్లు ఫోను చేశాడు. తొందరపడుతున్నాడంటే బేరం వాడికి లాభమన్నమాట. ఆగస్టు దాకా చూద్దాంలే.

నువ్వు వేళకి తింటున్నావా? మోటారు తింటున్న నూనె గురించి రాస్తావు గానీ నీ తిండి గురించి రాయవు.

అక్క


మోటారు గది,
ఏప్రిల్ 15

అక్కయ్యకి,

ఎండ ముదిరింది. వడగాలి. మూడో అంతస్తు మెట్ల దగ్గర ఊగుతున్న రెయిలింగు బిగించాను.

లోను రాలేదు.

సంఘం నుంచి ఆఫీసరు వచ్చింది. చిన్నపిల్ల. భుజాన సంచి, చేతిలో నేను పంపిన కట్ట. అన్ని కాగితాల అంచులకీ రంగు చీటీలు అంటించి ఉన్నాయి. నా రాతని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఇంతవరకు లేరు. అది చూసి సంతోషపడ్డాను. తొందరపడ్డాను.

"ఇవన్నీ మీరే రాశారా సెక్రటరీ గారూ?"

"అవునండీ."

"ఇంత శుభ్రమైన లెక్క నేను చూడలేదు. ఈ లెక్క వల్లే మీకు లోను రాదండీ."

కుర్చీ వేశాను. కూర్చోలేదు. నించునే చెప్పింది. "తగ్గిన బిల్లులోంచి మా వాయిదా తీరాలి. మీ బిల్లులో తగ్గడానికి చోటేదీ? పిండి ఆరేసిన బట్టని తెచ్చి, ఇంకా నీళ్ళు తియ్యమంటున్నారు."

తక్కువ వాడినందుకు మెచ్చుకుంటారనుకుని పంపాను. తక్కువ వాడాం కాబట్టి మిగిలేది లేదట. ఎక్కువ తగలేసే బిల్డింగులకి వెంటనే వస్తుందట.

అయినా వచ్చినదాన్ని చూసే పోతానని మేడ ఎక్కింది. మిట్టమధ్యాహ్నం. స్లాబు మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసి ఊదుకుంది. నేను గొడుగు తెస్తానంటే వద్దంది. ఇంకో మూల కూడా అలాగే ముట్టుకుని చూసింది. కాలుతుందని తెలిసి కూడా ముట్టుకుంది. అలాంటి మనిషి.

దిగేటప్పుడు నీ గుమ్మం దగ్గర ఆగి, కట్టలో పోయిన వేసవి నాటి నీ కాగితం తీసి చూసింది.

"ఈ ఫ్లాటు బిల్లు బిల్డింగులో అందరికన్నా తక్కువ. కింది అంతస్తులో ఉన్న డాక్టరు గారి బిల్లు అందరికన్నా ఎక్కువ. ఇది తిరగబడి ఉండాలి కదండీ? ఈ స్లాబు కింద మనిషి ఏసీ లేకుండా ఎలా ఉంది?"

"బాగానే ఉండేదండీ" అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకని నిన్ను అడుగుతున్నాను. ఎలా ఉండేదానివి?

తమ్ముడు


ఆడపడుచు గారిల్లు,
ఏప్రిల్ 21

తమ్ముడూ,

అడిగావు కాబట్టి చెబుతాను. అడగకపోతే చెప్పేదాన్ని కాదు.

ప్రతి నెలా మొదటి తారీఖున నువ్వు మెట్ల కింద బోర్డు మీద ఎనిమిది ఫ్లాట్ల బిల్లులూ వరస పెట్టి రాసేవాడివి. తక్కువ వచ్చినవాళ్ళు పైన, ఎక్కువ వచ్చినవాళ్ళు కింద. పై పేరు ఎప్పుడూ నాదే. మెట్లు దిగి వస్తుంటే దర్జీ వాళ్ళావిడ చేతులు జోడించేది, "మీలా ఎలా ఉంటామమ్మా" అని. నువ్వు ఒక్క మాట పొగిడేవాడివి కాదు గానీ, నా పేరు రాసేటప్పుడు సుద్దముక్క కాస్త నొక్కి రాసేవాడివి. నాకు తెలుసు.

ఏసీ ఉందిరా. మీ బావ పోయే ముందు కొన్నదే. మధ్యాహ్నం స్విచ్చి మీద చెయ్యి పెట్టేదాన్ని. బోర్డు కళ్ళముందు కనబడేది. చెయ్యి తీసేసేదాన్ని. తువ్వాలు తడిపి మెడకి చుట్టుకుని నేల మీద దొర్లేదాన్ని. సాయంత్రం నువ్వు పైకి వచ్చే వేళకి లేచి, చీర మార్చుకుని, కిటికీ దగ్గర పత్రిక పట్టుకుని కూర్చునేదాన్ని. "వేడిగా ఉందా" అని నువ్వు అడిగితే "ఏదో కాస్త" అనేదాన్ని.

పడిపోయింది తిండి లేక కాదు. ఎండదెబ్బ. ఎంతమందికి నేనే సెలైన్లు ఎక్కించానో, నాకు తెలియదా?

నీ మీద నేరం మోపడానికి రాయడం లేదు. ఒరే, రిటైరయ్యాక నన్ను మెచ్చుకున్నవాళ్ళెవరు? ఆ పై స్థానం నాకు ఇష్టంగా ఉండేది. ఇంకొకళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు. పిచ్చిదాన్నే. కానీ నా పిచ్చి నాది.

ఆ అప్పులమ్మాయి తెలివైనది. ఒక్క కాగితం చూసి పట్టేసింది. ఆవిడకి నిజం చెప్పు. ఆ బిల్లు అబద్ధం.

అక్క


మోటారు గది,
ఏప్రిల్ 30

అక్కయ్యకి,

ఎండ. బోర్డు తీసేశాను. మేకులు కూడా పీకి, గోడ కంతలు పూడ్చాను.

నీ ఉత్తరం అందింది. చదివాను.

మర్నాడే సంఘం ఆఫీసుకి వెళ్ళి ఆ ఆఫీసరమ్మాయికి నిజం చెప్పాను. కాగితాలు మళ్ళీ తిరగేసి, "ఒక దారుంది, మా పెద్దాయనతో పోట్లాడాలి" అంది. లోపల గదిలోకి వెళ్ళింది. తలుపు మూసి ఉన్నా ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. "ఎండకి మాడి బిల్లు తగ్గించుకున్నవాళ్ళకి లోను ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాం సార్?" అనడం విన్నాను. బయటికి వచ్చేటప్పటికి మొహం ఎర్రగా ఉంది, చేతిలో సంతకం ఉంది. నేను ఇన్నేళ్ళలో ఎవరి తరఫునా అలా గొంతెత్తలేదు.

దారి ఏమిటంటే, మే నెల పదిహేను నుంచి ఒక నెలపాటు బిల్డింగులో అందరూ మనుషులు ఉండాల్సినట్టు ఉండాలి. వేడిగా ఉంటే ఏసీ వెయ్యాలి, చల్లబడ్డాక ఆపాలి. మాడటం లేదు, తగలెయ్యడం లేదు. అన్ని గదుల్లోనూ థర్మామీటర్లు పెడతారు. ఆ నెల బిల్లునే అసలు బిల్లుగా లెక్కలోకి తీసుకుంటారు. స్లాబూ కిటికీలూ బాగుచేస్తే దాంట్లోంచి ఎంత తగ్గుతుందో చూసి లోను ఇస్తారు. చాలినంత తగ్గేలా కనపడకపోతే లోను లేదు. ఆ నెల బిల్లు మాత్రం మనమే కట్టుకోవాలి.

ఇక చిక్కు వచ్చింది. ఎవరూ ఒప్పుకోవడం లేదు. "ఏసీ వేసుకోండి" అని నేను తలుపు తడితే, దర్జీ వాళ్ళావిడ లోపలికి తిరిగి, "ఏవండీ, స్విచ్చాఫ్ మావయ్యకి వడదెబ్బ తగిలింది, నిమ్మకాయ నీళ్ళు పట్టుకురండి" అని కేక పెట్టింది. నీ పక్క ఫ్లాటు బస్సు డ్రైవరు, "ఇది పరీక్షా మావయ్యా? వేస్తే రేపు బోర్డెక్కిస్తారా?" అన్నాడు. నేను వాళ్ళకి నేర్పింది అంత బాగా నేర్పాను.

కింద పళ్ళ డాక్టరు గారు అసలు వాదానికే దిగారు. "పై వాళ్ళ ఎండకి కింద వాళ్ళం గొడుగు పట్టాలా? లోను రాకపోతే ఆ బిల్లు ఎవరు కడతారండీ?" అన్నారు. పడమటి కిటికీలకి నీడ, కొత్త మోటారు ఆయనకీ లాభమేనని చెప్పాను. వినలేదు.

మే పదో తారీఖు ఆదివారం మీటింగు. ఎనిమిదిలో ఆరుగురు ఒప్పుకోవాలి. ఇప్పటికి నేను లెక్కపెట్టగలిగింది నిన్నొక్కదాన్నే.

తమ్ముడు


ఆడపడుచు గారిల్లు,
మే 4

తమ్ముడూ,

మీటింగు ఎక్కడ పెట్టావు? మెట్ల కింద నీడలోనేగా? అక్కడ కూర్చుంటే ఎవడికైనా గొడుగు సంగతే గుర్తొస్తుంది.

నా ఫ్లాటులో పెట్టు. మధ్యాహ్నం మూడింటికి. పడకగదిలో. ఫ్యాను వెయ్యకు, ఎవరు బతిమాలినా సరే. నువ్వు మాట్లాడకు. నీకు ఎలాగూ చేతకాదు, ఈసారి అదే పనికొస్తుంది.

నర్సు మాట కూడా విను. కడవ నిండా నీళ్ళు పెట్టు. దర్జీకి బీపీ ఉంది, ఆయన్ని గుమ్మం దగ్గర కూర్చోబెట్టు. డ్రైవరు వాళ్ళ చంటిదాన్ని తేవద్దని చెప్పు. మనుషులకి చెమట పట్టిస్తే చాలు, మంచం పట్టించకు.

అక్క


మోటారు గది,
మే 12

అక్కయ్యకి,

తీవ్రమైన ఎండ. నీ పడకగది కడిగి చాపలు పరిచాను. నీళ్ళ కడవ పెట్టాను.

మీటింగు అయింది. నువ్వు చెప్పినట్టే నేను నోరు విప్పలేదు.

అందరూ వచ్చారు. ఆఫీసరమ్మాయి కూడా వచ్చి చాప మీద కూర్చుంది. డాక్టరు గారు బూట్లూ టై తోటి వచ్చారు. కూర్చోగానే దర్జీ, "ఫ్యాను వెయ్యవయ్యా బాబూ" అన్నాడు. వెయ్యనన్నట్టు తలూపాను. "చూశారా, మీటింగులో కూడా పొదుపే!" అన్నాడు డ్రైవరు. నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు సాగలేదు.

ఆఫీసరమ్మాయి లోను సంగతి మొదలుపెట్టింది. డాక్టరు గారు అడ్డం వచ్చారు. అడ్డం వస్తూనే టై వదులు చేసుకున్నారు. కాసేపటికి విప్పేశారు. ఇంకాసేపటికి బూట్లు. గోడకి చేరబడబోయి ఉలిక్కిపడి ముందుకి జరిగారు. "ఇది గోడా, ఇస్త్రీపెట్టా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడాయన నన్ను అడిగారు. "మీ అక్కగారు మంచం ఎక్కడ వేసుకునేవారు?"

ఆయన ఆనుకున్న గోడే చూపించాను.

డ్రైవరు భార్య ఉందే, ఎప్పుడూ పెదవి కదపనిది, ఆ పిల్ల ఉన్నట్టుండి మాట్లాడింది. "పడిపోయిన రోజు నేనే నీళ్ళు చల్లానండీ. కళ్ళు తెరవగానే మొదటి మాట, ఎండదెబ్బ అని మా తమ్ముడికి చెప్పకు అన్నారు. ఒట్టు వేయించుకున్నారు. క్షమించండి మావయ్యా."

నేను కడవలోంచి గ్లాసుల్లోకి నీళ్ళు పోస్తున్నాను. ఒక గ్లాసు పొంగిపోయింది.

ముందు చెయ్యెత్తింది డాక్టరు గారు. "ఒక నెల బిల్లేగా, రాయండి. పోతే పోనివ్వండి" అన్నారు. తరువాత అందరూ ఎత్తారు. దర్జీ రెండు చేతులూ ఎత్తి, "ఇక కిందికి పోదామా?" అన్నాడు.

మెట్లు దిగుతూ డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "బోర్డు మీద ఆఖరి పేరు నాదని మీ అక్కాతమ్ముళ్ళ మీద ఒళ్ళు మండేదండీ నాకు. అంత తక్కువ ఎలా వస్తుందో ఇవాళ తెలిసింది" అన్నారు. ఆయన్ని ఇన్నాళ్ళూ తప్పుగా అంచనా కట్టాను. తప్పు ఒప్పుకోవడానికి ఆయనకి ఒక అంతస్తు దిగినంతసేపు చాలింది.

ఇదంతా నీ ఆలోచన. కూర్చున్న చోటునుంచి ఎనిమిది కొంపల్ని కదిపావు.

తమ్ముడు


మోటారు గది,
జూన్ 24

అక్కయ్యకి,

మబ్బు. ఉక్క. మోటారు బేరింగులకి గ్రీజు పెట్టాను. ఇక దీనికి ఇదే ఆఖరి గ్రీజు కావచ్చు.

లోను మంజూరైంది. పని ఆగస్టులో మొదలుపెట్టి నెలలోపు పూర్తి చేస్తారు.

ఆ నెల ఎలా గడిచిందో రాయాలి. నాకు చాలా కష్టమైంది. ఏసీలు మోగుతుంటే నిద్రపట్టేది కాదు. మెట్ల మీద నడుస్తుంటే ప్రతి తలుపు కిందనుంచీ చల్లగాలి పాదాలకి తగిలేది, చెయ్యి దానంతటదే స్విచ్చి కోసం వెతికేది. జేబులో పెట్టుకుని నడిచాను.

కానీ కొన్ని చూశాను. డ్రైవరు చంటిది మధ్యాహ్నం నిద్రపోయింది. పుట్టాక మొదటి వేసవి మధ్యాహ్నం నిద్ర అని వాళ్ళమ్మ నన్ను పిలిచి చూపించింది. దర్జీ కత్తెర చప్పుడు ఎండవేళ కూడా వినపడింది. పోయిన వేసవుల్లో మధ్యాహ్నాలు బిల్డింగంతా నిశ్శబ్దంగా ఉండేది. అది ప్రశాంతత అనుకునేవాణ్ణి.

ఆఫీసరమ్మాయి వారం వారం వచ్చి థర్మామీటర్లు చూసుకుంది. నీ ఫ్లాటు ఖాళీగా ఉందని లెక్కలోంచి తీసెయ్యబోతే డాక్టరు గారు ఒప్పుకోలేదు. తన దగ్గర పనిచేసే నర్సుని పగటిపూట అక్కడ కూర్చోబెట్టి, "మనిషి ఉంటే ఎంతవుతుందో అంతే రాయండి" అన్నారు. నీ ఫ్లాటు బిల్లు అందరికన్నా ఎక్కువ వచ్చింది. ఆ పిల్ల ఆ అంకె చూసి, "ఇదీ ఈ ఇంటి నిజం" అంది. ఆ అంకె వల్లే లోను వచ్చింది.

తమ్ముడు


ఆడపడుచు గారిల్లు,
జూలై 1

ఒరే తమ్ముడూ,

సాధించావురా! సాయంత్రం నీ ఉత్తరం గట్టిగా చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. నా తమ్ముడు ఐదో తరగతితో బడి మానేసి, మోటార్లు విప్పి బిగించి చదువు నేర్చుకున్నాడు, ఇప్పుడు బిల్డింగుకి బిల్డింగునే విప్పి బిగిస్తున్నాడు అన్నాను. నాకు పండగలా ఉంది.

రెండో సంగతి. ఈ వార్త బ్రోకరుకి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. ధర బాగా పెంచాడు. స్లాబు చల్లబడే ఫ్లాటు, లోను భారం మనిషి మీద పడదు, ఇంకేం కావాలి అంటున్నాడు. మా ఆడపడుచు, "ఇంత బేరం మళ్ళీ రాదు వదినా, అమ్మేసి ఇక్కడే ఉండిపోండి" అని రోజూ చెవిలో పోరు. ఆవిడ అనేదీ తప్పని కాదు.

నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు కదా, ధర పెరుగుతుంది, అందుకే రాశాను అని. పెరిగింది. ఇప్పుడు ఏం చెయ్యమంటావు? నీ లెక్క చెప్పు.

అక్క


మోటారు గది,
జూలై 8

అక్కయ్యకి,

వాన చినుకులు. మేడ మీద నీళ్ళు పోయే గొట్టంలో చెత్త తీశాను.

నువ్వు అడిగావు కాబట్టి లెక్క కట్టాను. అమ్మితే వచ్చే డబ్బు పొదుపు సంఘంలో వేస్తే, వడ్డీ నీ మందులకీ, చేతి ఖర్చుకీ సరిపోతుంది. అక్కడ నీకు అద్దె లేదు. ఫ్లాటు ఉంచుకుంటే సంవత్సరానికి మరమ్మతులు ఉంటాయి, వాయిదా ఉంటుంది. మెట్లు ఎక్కాలి. లిఫ్టు లేదు, రాదు.

ఏ వైపునుంచి కూడినా అమ్మడమే లాభం.

తమ్ముడు


ఆడపడుచు గారిల్లు,
జూలై 14

తమ్ముడికి,

లెక్క అందింది. చక్కగా ఉంది. నీ లెక్కలో ఎప్పుడూ తప్పుండదు.

సరే అయితే. బ్రోకరుని వచ్చే నెల కాగితాలు తెమ్మన్నాను.

ఇక్కడ నేను మహారాణిలా ఉన్నానని రాశాను కదా. ఉన్నది కుట్టుమిషను గదిలో. మిషనుకీ గోడకీ మధ్య మడత మంచం. ఎవరికైనా రవికె కుట్టాలంటే లేచి బయటికి వచ్చి కూర్చుంటాను. ఇది నీ లెక్కలో చేరేది కాదులే, ఊరికే చెప్పాను.

అక్క


జూలై 18

అక్కా,

ఫ్లాటు అమ్మకు.

ధర కోసమని రాశాను. ధర కోసం కాదు. ఇంకో రకంగా ఎలా రాయాలో తెలియక అలా రాశాను. నువ్వు వెళ్ళినప్పటినుంచీ సాయంత్రం మెట్లెక్కి పైకి వెళుతున్నాను, తాళం తీస్తున్నాను, కిటికీలు తెరుస్తున్నాను, మూస్తున్నాను. అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు.

ఫ్లాటు చల్లగా ఉంటే నువ్వు ఉండొచ్చని ఇదంతా చేశాను. బిల్డింగు కోసం అని అందరికీ చెప్పాను. నిజమే, బిల్డింగు కోసం కూడా.

మెట్లు ఎక్కలేకపోతే నేను మోస్తాను. వచ్చెయ్.

తమ్ముడు


బిల్డింగు మేడ మీద,
ఆగస్టు 30

అక్కయ్యకి,

వాన వెలిసింది. ఎండ కాస్తోంది గానీ చురుకు తక్కువ. తెల్లవారగానే కొత్త పూత మీద పడ్డ దుమ్ము కడగడం మొదలుపెట్టాను. దుమ్ము పేరుకుంటే ఎండ మళ్ళీ లోపలికి దిగుతుందని, నెలకొకసారి కడగాలని పని చేసినవాళ్ళు చెప్పి వెళ్ళారు. నెల ఇంకా కాలేదు. అయినా కడుగుతున్నాను.

నా పోయిన ఉత్తరానికి జవాబు రాలేదు. రేపటితో బ్రోకరు గడువు. నువ్వు ఏది నిర్ణయించినా సరేనని చెప్పడానికి ఇది రాస్తున్నాను. ట్యాంకు నీడలో కూర్చున్నాను. కింద పలకలు, పైన పూత, మధ్య సిమెంటు. పని మొన్న పూర్తయింది. మేస్త్రీ మంచివాడు, మూలలు ఎవరూ చూడరని వదిలెయ్యలేదు. కొత్త మోటారు తిరుగుతుంటే తిరుగుతున్నట్టే తెలియదు, నేను గది తలుపు తీసి చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వస్తోంది.

నిన్న ఆఫీసరమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పి, స్లాబు మీద వట్టి పాదాలతో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. దిగి వెళ్ళిపోతూ గేటు దగ్గర, "మా పెద్దాయనని ఇక్కడికి ఒకసారి తీసుకొస్తానండీ, ఆయన కూడా నడవాలి" అంది. ఇంకో మూడు బిల్డింగుల వాళ్ళు మన కాగితాలు చూపించమని అడుగుతున్నారట. ఇచ్చెయ్యమన్నాను. ఆ పిల్ల కాబట్టి జరిగింది. ఇంకొకరైతే మొదటి రోజే కట్ట తిరిగి ఇచ్చి పోయేవారు.

నీ పడకగదిలో ఇప్పుడు పగలు ఏసీ లేకుండా కూర్చోవచ్చు. ఫ్యాను చాలు. గోడకి వీపు ఆనించి చూశాను. డాక్టరు గారు కూడా వచ్చి ఆనించి చూసుకుని వెళ్ళారు.

ఇక్కడిదాకా రాసి లేచి, తూర్పు వైపు సగం కడిగాను. బకెట్టు నింపుకుంటుంటే కింద వీధిలో టాక్సీ ఆగిన చప్పుడైంది. పిట్టగోడ మీదనుంచి వంగి చూశాను. పెట్టెలు దించుతున్నారు. డాక్టరు గారు టవలుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. దర్జీ వాళ్ళావిడ కిటికీలోంచి ఏదో అరుస్తోంది. నెరిసిన తల ఒకటి టాక్సీ అతనితో చిల్లర దగ్గర గట్టిగా దెబ్బలాడుతోంది. "నర్సుని నాయనా, నాకు అంకెలు చదవడం వచ్చు" అంటోంది. డాక్టరు గారు పెద్ద పెట్టె అందుకోబోతే, "మీరు ఉండండి, మా తమ్ముడు మోస్తానన్నాడు, రాతపూర్వకంగా ఇచ్చాడు. ఏడీ వాడు?" అంటోంది.

పడమటి వైపు ఇంకా కడగాలి. నీళ్ళు పెట్టి... లేదు, తరవాత. పెట్టె మొయ్యాలి, దిగుతున్నాను.